సౌత్‌వెస్ట్ పేరు చెప్పి ఇంక్రిమెంట్ ఎగ్గొట్టకండి

అప్రైజల్ సీజన్ వచ్చిందంటే చాలు, మన ఆఫీసుల్లో ఎవరో ఒకరు అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పురాణం విప్పుతారు. క్యాబిన్ సిబ్బందిలో ఒకాయన సేఫ్టీ సూచనలను ర్యాప్ పాటలా చదివే వీడియో వేస్తారు. ఆ కంపెనీ పెద్దాయన హెర్బ్ కెల్లెహర్ 1992లో ఒక ప్రకటన నినాదం మీద తగువొస్తే కోర్టుకెక్కకుండా అవతలి కంపెనీ బాస్‌తో చేతికుస్తీకి దిగిన కథ చెబుతారు. (ఓడిపోయాడు లెండి.) చివర్లో తేల్చేదేమిటంటే, కల్చర్‌కి డబ్బు అక్కర్లేదు, మనసుంటే చాలు! మర్నాటి నుంచి ఫన్ ఫ్రైడే మొదలవుతుంది. ఇంక్రిమెంట్ వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.

ఇది ఉత్త అమాయకత్వమైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ కథ అడ్డం పెట్టుకుని జీతాలు ఆపేస్తున్నారు. యూనియన్ మాటెత్తినవాడు ‘కుటుంబం’లో కలహం పెట్టేవాడైపోతున్నాడు. అందుకే దీని సంగతి తేల్చాలి.

అపోహ: సరదాగా ఉండే మనుషుల వల్లే సౌత్‌వెస్ట్ గెలిచింది. కల్చర్ పైసా ఖర్చులేని పెట్టుబడి.

వాస్తవం: పైసా ఖర్చులేకుండా అక్కడ ఏదీ జరగలేదు. పాత కంపెనీలు వేసిన కేసులతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 1971 జూన్‌లో డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల మధ్య ఎగరడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికే చేతిలో డబ్బులేక, ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసింది. టైమ్‌టేబుల్ మాత్రం తగ్గించలేదు. నాలుగు విమానాల పని మూడింటితో నడవాలంటే గేటు దగ్గర ఆగే సమయం పది నిమిషాలకు మించకూడదు. ప్రయాణికులు దిగుతుండగానే క్యాబిన్ సిబ్బంది చెత్త ఏరేవాళ్లు. అవసరమైతే పైలట్లూ ఓ చెయ్యి వేసేవాళ్లు. ‘ఇది నా పని కాదు’ అని ఒక్కరు చేతులు కట్టుకుని నిలబడ్డా ఆ పది నిమిషాల లెక్క తప్పేది.

మరి ఎందుకు చేశారు? జోకులు విని కాదు. 1973లో కంపెనీ తొలిసారి లాభం చూసింది. ఆ వెంటనే లాభంలో ఉద్యోగులకు వాటా పెట్టింది. అమెరికా విమానయానంలో అదే మొదటిసారి. 1994లో పైలట్లు పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుని, మొదటి ఐదేళ్లు జీతం పెంచమని అడగబోమన్నారు. ఊరికే అనలేదు, బదులుగా స్టాక్ ఆప్షన్లు పుచ్చుకున్నారు. కెల్లెహర్ కూడా తన జీతం పెంచుకోకుండా ఆపుకున్నాడు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికన్, యునైటెడ్ చెరో 20,000 ఉద్యోగాలకు కోత ప్రకటించాయి. సౌత్‌వెస్ట్ ఒక్కరినీ తీయలేదు. విమానాలు ఖాళీగా తిరిగిన ఆ రోజుల్లో అందరికీ జీతాలివ్వడానికి ఎంతవుతుందో మన ఫన్ ఫ్రైడే నిర్వాహకులు ఒకసారి లెక్క వేసుకోవాలి.

ఇక ‘యూనియన్ లేకపోవడమే వాళ్ల రహస్యం’ అనే మాట. ఇది ఎవరు పుట్టించారో కానీ శుద్ధ అబద్ధం. అక్కడి ఉద్యోగుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా యూనియన్ సభ్యులే. పైలట్లకు ఒకటి, క్యాబిన్ సిబ్బందికి ఒకటి, మెకానిక్‌లకు ఇంకొకటి. అమెరికాలో యూనియన్లు బలంగా ఉన్న ఎయిర్‌లైన్స్‌లో ఇదొకటి.

కల్చర్ అనేది నిజంగా ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే వీడియోలు మానేసి, ఆలస్యాల లెక్క చూడాలి. మామూలు ఎయిర్‌లైన్‌లో విమానం పన్నెండు నిమిషాలు ఆలస్యంగా కదిలిందనుకోండి. ఆ ఆలస్యాన్ని ఏదో ఒక విభాగం ఖాతాలో వేయాలి. గేటుదా, సామాను ఎక్కించే ర్యాంపుదా, ఇంధనం నింపేవాళ్లదా? అది తమ నెత్తిన పడకుండా చూసుకోవడమే అందరి పనీ అవుతుంది. గేటులో వాళ్లు ర్యాంపు వాళ్లకు కబురు చెప్పరు, చెబితే దొరికిపోతారు కాబట్టి. జోడీ హాఫర్ గిట్టెల్ అనే పరిశోధకురాలు అమెరికన్, సౌత్‌వెస్ట్ తదితర ఎయిర్‌లైన్స్‌ను దగ్గర నుంచి చూసి 2003లో పుస్తకం రాశారు. సౌత్‌వెస్ట్‌లో ‘టీమ్ డిలే’ అనే పద్దు ఉందని అందులో చెప్పారు. ఒకరి నెత్తిన రుద్దలేని ఆలస్యం అందరి ఖాతాలోకీ వెళ్తుంది. తప్పెవరిదని కొట్టుకోవడం తగ్గి, రేపు ఏం చేద్దామన్న మాట మొదలవుతుంది. ఆమె చెప్పిన మరో సంగతి మన మేనేజర్లకు అసలు రుచించదు. ఖర్చు తగ్గించడంలో పేరుమోసిన ఆ కంపెనీ, సిబ్బంది సంఖ్యతో పోలిస్తే ఇతరుల కంటే ఎక్కువమంది సూపర్‌వైజర్లను పెట్టుకుంది. వాళ్లు రిపోర్టులు అడగడానికి కాదు, పక్కన నిలబడి పని నేర్పడానికి, అవసరమైతే సామాను మోయడానికి.

పోటీదారులు పైపైన కనిపించేదంతా కాపీ కొట్టారు. కాంటినెంటల్ లైట్, యునైటెడ్ వారి షటిల్, యూఎస్ ఎయిర్‌వేస్ వారి మెట్రోజెట్, డెల్టా వారి సాంగ్, మళ్లీ యునైటెడ్ వారిదే టెడ్. చవక టికెట్, భోజనం బంద్, సరదా పేరు, రంగు రంగుల విమానం, అన్నీ ఉన్నాయి. 2009 వచ్చేసరికి వీటిలో ఒక్కటీ మిగల్లేదు. విమానం కొనొచ్చు, రూటు అనుకరించొచ్చు. గేటు మనిషికీ ర్యాంపు మనిషికీ మధ్య ఏళ్ల తరబడి పెరిగిన నమ్మకాన్ని ఏ బ్యాంకులో అప్పు తెచ్చి కొంటారు?

చిల్లర అపోహలు కొన్ని. ‘ఉద్యోగులకు షేర్లిస్తే కల్చర్ అదే వస్తుంది’: 1994లో యునైటెడ్ 55 శాతం వాటా ఉద్యోగుల చేతికిచ్చింది, 2002లో దివాలా పిటిషన్ వేసింది. ‘అంతా కెల్లెహర్ మహిమ’: ఆయన లా ఆఫీసులో సెక్రటరీగా చేరి 2001లో కంపెనీ ప్రెసిడెంట్ అయిన కొలీన్ బారెట్ పేరు ఒక్కసారి వెతకండి. ‘ఆతిథ్యమే కల్చర్’: ఇక్కడ కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కంటే గొప్ప ఆతిథ్యం ఎవరిచ్చారు? 2012లో జీతాలు నెలల తరబడి అందక సిబ్బంది విధులు మానేశారు, విమానాలు నేలకు దిగాయి.

ఒక్క విషయంలో మాత్రం వ్యతిరేకుల మాట ఒప్పుకోక తప్పదు. ‘కల్చరూ లేదు, గిల్చరూ లేదు, ఆయిల్ జూదంలో గెలిచారు’ అంటారు వాళ్లు. ఇంధనం ధర ముందే ఖాయం చేసుకునే హెడ్జింగ్ ఒప్పందాల వల్ల, 2000 దశకం మధ్యలో ఆయిల్ మండిపోతున్నప్పుడు సౌత్‌వెస్ట్‌కు భారీగా కలిసొచ్చింది. ఆ లాభం తీసేస్తే నష్టమే మిగిలే త్రైమాసికాలూ ఉన్నాయి. సరే, నిజమే. అయితే 1973 నుంచి 2019 దాకా వరుసగా 47 ఏళ్లు లాభాలొచ్చాయి. అందులో తొలి ఇరవై ఏళ్ల లాభాలకు ఆ హెడ్జింగ్‌తో సంబంధమే లేదు.

మరి అంత గొప్ప కల్చర్ ఎప్పటికీ కాపాడుతుందా? కాపాడదు. 2022 డిసెంబర్‌లో మంచు తుపాను వచ్చింది. మిగతా కంపెనీలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ దాదాపు 17,000 విమానాలు రద్దు చేసి, 20 లక్షల మందికి పైగా ప్రయాణికులను చిక్కుల్లో పడేసింది. సిబ్బంది ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో పాత సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు. పైలట్లూ ఎయిర్ హోస్టెస్‌లూ ‘మేం ఫలానా చోట ఉన్నాం’ అని చెప్పడానికి గంటల కొద్దీ ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ గురించి పైలట్ల యూనియన్ అంతకుముందు నుంచే మొత్తుకుంటోంది. ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆపైన ఇన్వెస్టర్ల ఒత్తిడి పెరిగింది. 2025 ఫిబ్రవరిలో, చరిత్రలో తొలిసారి, 1,750 కార్పొరేట్ ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఆ మాటతో, యాభై ఏళ్లు ఖర్చు పెట్టి కట్టుకున్న పేరు పోయింది. దాని విలువ బ్యాలెన్స్ షీటులో రాయరు కాబట్టి నష్టమూ అక్కడ కనబడదు.

కాబట్టి మీ ఆఫీసులో ఎవరైనా సౌత్‌వెస్ట్ స్లైడ్ వేస్తే చప్పట్లు కొట్టే ముందు చెయ్యెత్తండి. లాభంలో మా వాటా ఎంత? పోయినసారి వ్యాపారం పడిపోయినప్పుడు ముందు ఎవరి జీతం ఆగింది, మీదా మాదా? ప్రాజెక్టు ఆలస్యమైతే మెయిల్‌లో ఒక్కరి పేరే ఎందుకుంటుంది? కింది నుంచి వచ్చిన హెచ్చరిక ఏ తేదీన ఎవరు చదివారు? ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు జీతం బేరం కంటే ముందే ఇవి అడగడం మంచిది. మీరు మేనేజరైతే మరీ సులువు. వచ్చే శుక్రవారం కేకు ఆర్డర్ చేయకుండా, ఆ పూట మీ టీమ్ పక్కన కూర్చుని వాళ్లు చేసే పనిలో సగం చేసి చూడండి.