బండి ఎలా ఆగిందో చెప్తే సగం రిపేర్ అయినట్టే

బండి నడిరోడ్డు మీద ఆగిపోతే కిక్కు మీద కిక్కు కొట్టకండి. ముందు రోడ్డు పక్కకి తీసుకెళ్లండి. నేషనల్ హైవే అయితే 1033కి ఫోన్ చేయొచ్చు.

ఇప్పుడు ఒక్కటే గుర్తుచేసుకోండి. బండి ఎలా ఆగింది?

స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగిందా? ఎక్కువసార్లు అది కరెంటు సమస్యే. కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందా, ఫ్యూజు పోయిందా, ప్లగ్ క్యాప్ ఊడిందా చూడండి. వానలో నా బండి ఇలాగే ఆగింది. తాళం ఆపేసి, ఇంజిన్ చల్లారాక క్యాప్ తీసి పొడిగుడ్డతో తుడిచి పెట్టా. స్టార్టయింది.

జర్కులిస్తూ మెల్లగా ఆగిందా? పెట్రోల్ అందట్లేదేమో. మీటర్‌ని నమ్మకుండా ట్యాంకు మూత తీసి చూడండి. పాత బండైతే రిజర్వ్‌కి తిప్పండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే, తాళం ఆన్ చేయగానే పంపు ‘జుయ్’మని రెండు మూడు సెకన్లు మోగాలి. మోగలేదా? ఇక మెకానిక్ పనే.

అక్కడ “స్టార్ట్ అవట్లేదన్నా” అని ఊరుకుంటే ఆయన ఒక్కొక్కటీ విప్పి చూడాలి. ఆ కూలీ మన జేబులోంచే. “జర్కులిచ్చి ఆగిందన్నా, పంపు సౌండ్ లేదు” అంటే నేరుగా అక్కడే చెయ్యి పెడతాడు. బండి నడుస్తున్నప్పుడు వింత సౌండ్ వస్తే, పక్కన ఆపి ఫోన్‌లో రికార్డ్ చేయండి. షెడ్డుకెళ్లాక అది రాకపోవచ్చు.

విప్పకముందే ఎంతవుతుందో అడగండి. పార్టు మారిస్తే పాతది అడిగి తీసుకోండి.

ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!