ఆర్. నారాయణమూర్తిగారి సేద్యము

మా పాఠకులలో భూస్వాములు గలరు. శ్రీ ఆర్. నారాయణమూర్తిగారి చలనచిత్రములలో ప్రతినాయకుడు తఱచుగ భూస్వామియే. అడవినుండి దళము దిగును, తుపాకులు మ్రోగును, గడీ తలుపులు విరుగును. అట్టి చిత్రములను గూర్చి నిజామాబాదు, బోధనులందలి పెద్దమనుష్యులకు వ్రాయుట కొంత సాహసమే. అయినను ఆ దర్శకుని కష్టమును చెఱకు పండించువారు గ్రహించినట్లు ఇతరులు గ్రహింపజాలరని మా నమ్మకము.

తూర్పుగోదావరి జిల్లాలోనిదై, నేడు కాకినాడ జిల్లాలో చేరిన మల్లంపేట ఆయన స్వగ్రామము. మద్రాసు చేరి, చిన్న చిన్న వేషములతో జీవితము నారంభించిరి. 1973లో వచ్చిన ‘నేరము-శిక్ష’లో ఆయన పోషించినది అట్టి వేషమే. దాసరి నారాయణరావుగారు చేరదీసి మంచి పాత్రలిచ్చిరి. అంతటితో తృప్తిపడక, మిత్రుల సాయమున స్నేహచిత్ర పిక్చర్సు అను సంస్థను నెలకొల్పి, 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ విడుదల చేసిరి. నిర్మాత తానే, దర్శకుడు తానే, కథానాయకుడును తానే. పిదప ‘దండోరా’ (1993), ‘ఎర్రసైన్యం’ (1994), ‘చీమలదండు’ (1995) వచ్చినవి. వానిలో ‘ఎర్రసైన్యము’నకు లభించిన జనాదరణ చూచి సినిమా వర్తకులు ముక్కున వ్రేలు వేసికొనిరి.

ఈ పోరాట చిత్రములు స్వల్పవ్యయముతో ఎట్లు సాధ్యమైనవి? అడవియే రంగస్థలము; కట్టవలసిన సెట్టింగులు లేవు. తారకు లక్షలు పోయనక్కఱలేదు, తార ఆయనయే గనుక. గద్దరు, వంగపండు ప్రసాదరావువంటి ప్రజాకవుల పాటలు చిత్రమునకు ముందే పల్లెలలో మ్రోగుచుండెను, వేఱు ప్రచారమేల?

లోపములు లేవని మేమనము. ఒకే కథను పలుమారులు చెప్పిరి. పాత్రలు సంభాషింపక ఉపన్యసించును. 2010లో ‘వీర తెలంగాణ’, 2021లో ‘రైతన్న’, 2023లో ‘యూనివర్సిటీ’ తీసిరి గాని మునుపటి జనసమ్మర్దము మరల రాలేదు. ఇందుకు థియేటర్లనే దూషించుట న్యాయము కాదు. అయినను పట్టుదల విడువలేదు. 2015లో వచ్చిన ‘టెంపర్’లో ఒక పోలీసు పాత్ర ఆయనను దృష్టిలో నుంచుకొనియే వ్రాయబడినది, ఆ పిలుపును మర్యాదగ నిరాకరించిరి. ఆ పాత్రను పోసాని కృష్ణమురళిగారు ధరించిరి.

ఇక థియేటరు మాట. సినిమాహాలును వారమునకింతయని అద్దెకు గొనుట ఒక పద్ధతి. వసూళ్లలో పాలు పంచుకొనుట రెండవది. మొదటిది కౌలు, రెండవది బటాయి. ఇంతకంటె వివరింప బనిలేదు. కౌలున పంట ఎండినచో నష్టమంతయు కౌలుదారునిదే; విరగబండినచో భూమిగలవాడు చేతులు నలుపుకొనవలసినదే. చిన్నచిత్రము వసూళ్లను అద్దెయే మ్రింగును. పెద్దచిత్రము లాభములో హాలు యజమానికి చిల్లిగవ్వయు అధికముగ రాదు. మల్టీప్లెక్సులలో వాటాపద్ధతి నడచుచుండగా, ఒంటితెర హాళ్లకు మాత్రము అద్దెయేల? 2025 మే నెలలో ఆ యజమానులే ఈ కోరికతో ముందునకు వచ్చినపుడు, నారాయణమూర్తిగారు పత్రికలవారి యెదుట దానిని సమర్థించిరి. టిక్కెట్టు ధర పెంచి పేదవానిని హాలునకు దూరము చేయుట తగదనియు వాదించిరి.

నరికిన చెఱకు రెండుదినములలో మిల్లు చేరనిచో బరువు తగ్గును, తీపి తగ్గును. విడుదలయైన చిత్రమునకు తొలి శుక్ర, శని, ఆదివారములలో తెర దొరకనిచో అదే గతి. నిజాంసాగరు నీటి నాధారముగ శక్కర్‌నగరున వెలసిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినపుడు, పైరు చేతనుండియు ఆడించుచోటు దూరమగుట యెట్టిదో బోధను రైతు చూచినాడు. చిత్రమును చేతబట్టుకొని హాళ్ల చుట్టును తిరుగు చిన్ననిర్మాత స్థితి అంతకు భిన్నము కాదు.

వాటాపద్ధతి వచ్చిన మాత్రమున ‘ఎర్రసైన్యము’నాటి జనము మరల వచ్చునని మేము చెప్పజాలము. చూచువాడు మెచ్చని చిత్రమునకు ఏ పద్ధతియు ప్రాణము పోయదు. చూచుటకు అవకాశమే లేకుండ తీసివేయబడిన చిత్రముల సంగతి వేఱు. పెద్దచిత్రముల పంపిణీదారులు అద్దెపద్ధతినే యేల కోరుచున్నారో బహిరంగముగ చెప్పినచో, ఆ సమాధానమును గూడ ఈ పుటలలోనే చర్చింతుము.