డబ్బా పచ్చబడింది పసుపు వల్ల కాదు

ఆర్మూర్‌లో ఏది పచ్చబడినా నింద పసుపు మీదికే పోతుంది. కొమ్ములు ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే రోజుల్లో గాలి కూడా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. అటక మీంచి దించిన పాత వీడియో గేమ్ డబ్బా విషయంలో మాత్రం పసుపు నిర్దోషి.

కావాలంటే పరీక్షించండి. చీర మీద పడ్డ పసుపు మరకను ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. డబ్బా అట్లా కాదు, ఎండ తగిలేకొద్దీ ఇంకా ముదురుతుంది. ఉతికే సబ్బు తగిలితే పసుపు ఎర్రబారుతుంది. సున్నం కలిస్తే పారాణి అయ్యేదీ అందుకే. సబ్బునీళ్ళ దూదితో డబ్బాను రుద్ది చూడండి, ఎరుపు రాదు. ఈ డబ్బాలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి. మంట అంటుకోకుండా చాలావాటిలో బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. అతినీలలోహిత కిరణాలు, వేడి ఏళ్ళ తరబడి తగిలి ఆ ప్లాస్టిక్కే రంగు మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, వెలుతురులో పెట్టి తెల్లబరిచేవాళ్ళున్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ పచ్చబడవచ్చు. నన్నడిగితే అట్లాగే వదిలేయండి, మారియో ఎగరడానికి రంగుతో పని లేదు.

ఇంతకీ మన వీధుల్లో 'టీవీ గేమ్' అనుకున్నవాటిలో చాలా భాగం, నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. నింటెండో యంత్రమే సమురాయ్ పేరుతో మన దేశంలో అమ్ముడైనా, పిల్లల చేతికి ఎక్కువగా వచ్చినవి లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లున్న డబ్బాలు. దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన నాయినో చిన్నాయినో పెట్టెలో పెట్టుకొచ్చినవీ ఉన్నాయి.

ఇక అన్నిటికన్నా మొండి నమ్మకం: క్యాసెట్‌ను ఊదితే ఆట వస్తుంది. నిజంగానే వచ్చేది, నేనూ బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదినవాడినే. కానీ చేసిన పనులు మూడు. తీశాం, ఊదాం, మళ్ళీ పెట్టాం. పేరంతా నడిమి పనికి పోయింది. క్యాసెట్ అంచున 60 రాగి పట్టీలుంటాయి. వాటి మీద మురికి, ఆక్సైడ్ పొర కడితే కరెంటు సరిగా అందదు. తీసి పెట్టినప్పుడు స్లాట్‌లోని పిన్నులు ఆ పొరను గీరుతాయి, ఆట రావడానికి అసలు కారణం అదే. ఊపిరిలోని తడి, ఉమ్ము తుంపర్లు మాత్రం పట్టీలను నెమ్మదిగా తినేస్తాయి. ఈసారి ఊదకుండా నాలుగుసార్లు తీసి పెట్టి చూడండి.

శుభ్రం చేయాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్ చాలు. తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. గరుకు కాగితంతో రుద్దితే పట్టీల మీది పూత లేచిపోతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్కే కరుగుతుంది. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు మిగిలి, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. ఇంత చేసినా క్యాసెట్ కదిలిస్తే బొమ్మ చెదురుతుంటే, స్లాట్‌లోని పిన్నులు వదులైనట్టు. స్లాట్ మార్చాలి.

'క్యాసెట్' అన్న మాటే ఇంకో అపోహను పుట్టించింది. పాటల క్యాసెట్‌లా పాతబడితే చెరిగిపోతుందని, అయస్కాంతం దగ్గర పెట్టొద్దని అంటారు. లోపల టేపు లేదు, చిప్ ఉంది. అయస్కాంతం దాన్నేమీ చేయలేదు. అట్ట మీద '9999 ఇన్ 1' అని ఉన్నా, అసలు ఆటలు కొన్నే. వాటినే పేరో, మొదలయ్యే లెవెలో మార్చి తిప్పి తిప్పి లెక్కపెట్టారు. అన్నీ రావడం లేదని రిపేరుకు ఇవ్వకండి.

'పిన్ను బిర్రుగా దూరింది కదా, ఈ అడాప్టర్ సరిపోతుంది' అనుకోవడంలోనే ఎక్కువ డబ్బాలు పోయాయి. ఫ్యామికామ్ అడాప్టర్‌కు నడిమి మైనస్, బయట ప్లస్. ఇంట్లోని చాలా అడాప్టర్లకు ఇది తలకిందులు. డబ్బా మీది గుర్తు చూడకుండా గుచ్చొద్దు. లోపల ఉండే 7805 రెగ్యులేటర్ వచ్చిన వోల్టేజీని 5 వోల్టులకు దించి, మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తుంది. అర ఆంపియర్ కరెంటు లాగే డబ్బాకు 9 వోల్టుల అడాప్టర్ పెడితే 2 వాట్ల వేడి పుడుతుంది, 12 పెడితే 3.5. కాబట్టి వెచ్చబడటం జబ్బు కాదు. గంట ఆడి ఫ్యాన్ కింద పెట్టడం కన్నా సరైన అడాప్టర్ పెట్టడం మేలు. అమెరికా నుంచి తెచ్చిన డబ్బా ఇక్కడ కాలిపోతుందన్నదీ సగం నిజమే. అక్కడి 120 వోల్టుల అడాప్టర్‌ను మన 230లో పెడితే కాలేది అడాప్టర్. డబ్బాకు తగిన అడాప్టర్ ఇక్కడ దొరికితే చాలు.

'అన్నా, గన్ను పేలుతలేదు' అనేవాళ్ళు ముందు టీవీని చూసుకోవాలి. బాతులను కాల్చే ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని పెట్టె మెరుస్తుంది. దాన్ని గన్నులోని కన్ను పట్టుకోవాలి. పిక్చర్ ట్యూబ్ టీవీ మీద ఆ మెరుపు వెంటనే కనిపిస్తుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను కొంత ఆలస్యంగా చూపిస్తుంది, ఈలోగా గన్ను గురి తప్పిందని తేల్చేస్తుంది. పాత సామాన్ల బండికి వేసిన టీవీయే దానికి మందు.

కంట్రోలర్ బటన్ పనిచేయకపోతే వైరు తెగిందంటారు. అంతకన్నా ముందు విప్పి కార్బన్ రబ్బరును, దాని కింది పట్టీలను తుడవండి. టీవీ రిమోట్‌కు వచ్చే జబ్బే ఇది.

చివరిది, చెయ్యి తిరిగిన మెకానిక్ ఉంటే ఏదైనా బాగవుతుందన్న నమ్మకం. చాలా నకళ్ళలో బోర్డు నడుమ రూపాయి బిళ్ళంత నల్లని ముద్ద ఉంటుంది. చిప్‌ను నేరుగా బోర్డుకే అతికించి, పైన ఎపాక్సీ పోసిన ముద్ద అది. దాన్ని విప్పి మార్చడం కుదరదు. అడాప్టర్, స్విచ్, రెగ్యులేటర్, క్యాసెట్ అన్నీ చూశాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే బోర్డు పక్కన పెట్టండి. కంట్రోలర్ల రబ్బర్లు, స్లాట్, అడాప్టర్ దాచండి, ఇంకో డబ్బాకు పనికొస్తాయి.