ఈ ఒక్కరోజుకీ తాగను!

'రేపట్నుంచి మానేస్తా'... తాగుడు అలవాటున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే. పిల్లల మీద ఒట్లూ దేవుడి ముందు ప్రమాణాలూ అన్నీ అవుతాయి. వారం తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. అలాంటివాళ్ల కోసం ఓ గది తలుపు తెరిచే ఉంటుంది. అక్కడ నీతులు చెప్పరు, ఫీజు అడగరు, ఊరూపేరూ ఆరా తీయరు. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా ఒకప్పుడు తాగి తూలినవాళ్లే. ఆ బృందమే ఆల్కహాలిక్స్ అనానిమస్... క్లుప్తంగా ఏఏ.

ఆ హోటల్ లాబీలో...

1935 మే నెల. అమెరికాలోని ఆక్రన్ నగరం. న్యూయార్క్ నుంచి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ విల్సన్ హోటల్ లాబీలో ఒంటరిగా పచార్లు చేస్తున్నాడు. వచ్చిన పని చెడింది. జేబులో పెద్దగా డబ్బుల్లేవు. తాగుడు మానేసి అప్పటికి అయిదు నెలలే. పక్కనే బార్, అందులోంచి నవ్వులు. లోపలికి అడుగుపెడితే అంతే సంగతులని అతనికి తెలుసు. తాను నిలబడాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలనిపించింది. లాబీలో ఉన్న చర్చిల జాబితా చూసి ఫోన్ తిప్పాడు. ఆ ఫోన్ చివరికి అతణ్ని బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేర్చింది.

'పావుగంటే మాట్లాడతా' అన్న డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఎందుకంటే బిల్ సలహాలివ్వలేదు, తన కథ చెప్పుకున్నాడు. అదే ఏడాది జూన్ 10న బాబ్ ఆఖరిసారి తాగాడు. ఏఏ పుట్టినరోజుగా లెక్కించేది ఆ రోజునే. 1957లో మనదేశంలోనూ అడుగుపెట్టిన ఈ బృందాలు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి.

లోపల ఏం జరుగుతుంది?

కొన్ని కుర్చీలు, టీ కప్పులు. ఒకరి తర్వాత ఒకరు 'నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని' అంటూ మొదలుపెడతారు. జీతం ఎలా కరిగిందో, భార్య పుట్టింటికెందుకు వెళ్లిందో, నిన్న సాయంత్రం కాళ్లు వైన్‌షాపు వైపు లాగితే ఎలా ఆగారో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు. మాట్లాడటం ఇష్టంలేకపోతే ఊరికే వినొచ్చు. అక్కడ విన్నది గది దాటకూడదన్నది నియమం. సభ్యత్వానికి ఒక్కటే అర్హత... తాగుడు మానాలన్న కోరిక. ఖర్చులకు సభ్యులే తోచింది వేసుకుంటారు, బయటి విరాళాలు తీసుకోరు.

జన్మలో ముట్టనని ఎవరూ ఒట్టు పెట్టుకోరు. 'ఈ ఒక్కరోజుకీ తాగను' అనుకుంటారు. రేపటి సంగతి రేపు. ఎప్పుడైనా కాలుజారితే వెలివేయరు, మళ్లీ రమ్మంటారు. ఇది ఉత్త ఓదార్పేనా అన్నవాళ్లకు 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష జవాబిచ్చింది. పదివేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను జల్లెడపట్టి, పూర్తిగా మానేయడంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదనీ కొన్నిసార్లు మెరుగనీ తేల్చింది.

ఎలా వెతకాలి?

ఈ బృందాలు ప్రకటనలతో ఊదరగొట్టవు. కాబట్టి మనమే వెతుక్కోవాలి. మానసిక వైద్యుల్నీ డీ-అడిక్షన్ కేంద్రాల్నీ అడిగితే దగ్గర్లోని సమావేశం వివరాలు దొరకొచ్చు. కేంద్రం నడుపుతున్న 14446, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలిమానస్ 14416 ఉచిత నంబర్లు. ఊళ్లో సమావేశం లేకపోతే ఆన్‌లైన్లోనూ ఉన్నాయి. వెళ్లేముందు అది 'ఓపెన్' సమావేశమా, 'క్లోజ్డ్' సమావేశమా కనుక్కోండి. మొదటిదానికి ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు. రెండోది మానాలనుకునేవాళ్లకే. ఒకచోట నచ్చకపోతే మరోచోటికి వెళ్లి చూడండి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నపళాన మానేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం లాంటివి రావొచ్చు. ఒక్కోసారి ప్రాణాలమీదికీ తెస్తుంది. అలాంటివాళ్లు ముందు డాక్టర్ని కలవాలి. సమావేశం వైద్యానికి తోడే కానీ ప్రత్యామ్నాయం కాదు.

ఇంట్లోవాళ్లకీ...

బిల్ తాగుడుతో ఏళ్లపాటు నలిగిపోయిన భార్య లోయిస్ 1951లో మరొకరితో కలిసి కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ మొదలుపెట్టింది. తాగేది ఒకరైనా జబ్బుపడేది ఇల్లంతా అని ఆమెకి తెలుసు. సీసా దాచడం, ఆఫీసుకి ఫోన్ చేసి 'ఆయనకి జ్వరం' అని అబద్ధమాడటం... ఇవన్నీ చేసి అలసిపోయినవాళ్లే అక్కడ ఒకరికొకరు తోడు. భర్త మానేదాకా ఆగక్కర్లేదు, అతను రాకపోయినా ఆమె వెళ్లొచ్చు.

మద్యంతో పోరు తెలుగువాళ్లకు కొత్తకాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. దుకాణం తెరవాలా మూయాలా అన్నది సర్కారు చేతుల్లో ఉంటుంది. ఈ సాయంత్రం ఆ దుకాణం ముందు ఆగాలా, నాలుగు వీధుల అవతలున్న ఆ గదికి నడవాలా అన్నది మాత్రం మనిషి చేతుల్లోనే ఉంది. అదీ ఈ ఒక్కరోజుకే!