క్లిప్పులు పెడితే పన్ను ఎలా జరుగుతుంది?

పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది కదా, సన్నటి తీగ దాన్నెలా కదిలిస్తుంది? నిజానికి పన్ను ఎముకకు నేరుగా అతుక్కోదు. మధ్యలో పలచటి నారపొర ఉంటుంది. తీగ పన్నును నెట్టినవైపు ఆ పొర నలుగుతుంది. అక్కడి కణాలు ఎముకను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. వెనకవైపు ఏర్పడ్డ సందులో వేరే కణాలు కొత్త ఎముక కడతాయి. ఇలా నెలకు సుమారు 1 మిల్లీమీటరు! గట్టిగా లాగితే త్వరగా అయిపోతుందనుకోకండి, పంటి వేరు దెబ్బతింటుంది.

మామూలుగా 12, 13 ఏళ్లకు జ్ఞానదంతాలు తప్ప 28 శాశ్వత దంతాలూ వచ్చేస్తాయి. దవడ ఇంకా ఎదుగుతుంటుంది కాబట్టి క్లిప్పులకు అది అనువైన వయసు. (పెద్దవాళ్లకూ పెట్టొచ్చు లెండి.) తీగ తీసేశాక పళ్లు పాతచోటికే పోవాలని చూస్తాయి. అందుకే డాక్టరు పళ్లను కొత్తచోటే నిలిపి ఉంచే రిటైనర్ ఇస్తారు. దాన్ని డబ్బాలో దాచకుండా, చెప్పినన్నాళ్లూ పెట్టుకోండి.