ఎర్టిగానా, క్యారెన్సా? ముందు వెనక సీటెక్కి చూడండి

ఏడు సీట్ల బండి కొనాలని షోరూముకు వెళ్లిన కుటుంబం సాధారణంగా ముందు సీట్లలోనే కూర్చుని చూసి వచ్చేస్తుంది. స్క్రీను ఎంత పెద్దది, సన్‌రూఫ్ ఉందా, లీటరుకు ఎంత ఇస్తుంది అని అడుగుతారు. ఐదు సీట్ల కారు వదిలి ఈ బండి దగ్గరకు వచ్చింది మాత్రం వెనకున్న ఆ రెండు సీట్ల కోసమే. వాటిలో ఎవరు కూర్చుంటారు, ఎంత దూరం కూర్చుంటారు అన్నది తేలితే మారుతి ఎర్టిగా, కియా క్యారెన్స్‌లలో ఏది మీకు సరిపోతుందో సగం తేలిపోయినట్టే.

ఎర్టిగా 2012లో వచ్చింది. ఇప్పుడు మనం రోడ్ల మీద చూస్తున్న రూపం 2018 నవంబరుది. క్యారెన్స్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. 2025లో దానికే మెరుగులు దిద్ది క్యారెన్స్ క్లావిస్ పేరుతోనూ అమ్మడం మొదలుపెట్టారు. నేను క్యారెన్స్ అన్నప్పుడు రెండింటినీ కలిపే అంటున్నాను. ఇది తయారయ్యేది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, అంటే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో. మన ఊళ్ల పిల్లలు పనిచేసే ఫ్యాక్టరీ నుంచి వస్తోందన్న అభిమానం ఉండాల్సిందే. అయితే అమ్మమ్మ మోకాళ్లకు ఆ అభిమానం ఒక్కటే సరిపోదు.

మోకాళ్ల సంగతే ముందు చూద్దాం. ఎర్టిగాలో వెనక్కి వెళ్లాలంటే రెండో వరుస సీటు వీపును లివరుతో మడిచి, సీటును ముందుకు జరపాలి. అప్పుడు వచ్చే సందులోంచి ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, నడుము తిప్పి కూర్చోవాలి. పదేళ్ల పిల్లాడికి ఇదొక ఆట. చీర కట్టుకున్న అరవై ఏళ్ల ఆవిడకు మాత్రం ఇద్దరు సాయం పట్టాలి. క్యారెన్స్ పై వేరియంట్లలో ఎడమవైపు సీటుకు బటన్ ఉంటుంది. నొక్కితే సీటు మొత్తం లేచి ముందుకు ఒరుగుతుంది, దారి కాస్త వెడల్పవుతుంది. అయినా నడుము వంచక తప్పదు. రెండు బండ్లలోనూ వెనక నేల ఎత్తుగా ఉంటుంది కాబట్టి కూర్చున్నాక మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద ఆసరా తగ్గుతుంది. గంట ప్రయాణానికి ఇది తెలియదు. హైదరాబాద్ నుంచి తిరుపతి దాకా వెళ్తే బాగా తెలుస్తుంది. అందుకే పెద్దవాళ్ల చోటు ఎప్పుడూ మధ్య వరుసే. మూడో వరుస పిల్లలకో, కుర్రవాళ్లకో వదలాలి.

మధ్య వరుసలో ముగ్గురు కూర్చునే ఇంటికి బండి వెడల్పు ముఖ్యం. ఎర్టిగా 1735 మిల్లీమీటర్లు, క్యారెన్స్ 1800. ఆరున్నర సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, ముగ్గురు పెద్దవాళ్ల భుజాలు ఒరుసుకునే చోట అది పెద్ద తేడా. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎర్టిగాలో 2740, క్యారెన్స్‌లో 2780. ఆరు సీట్ల క్యారెన్స్ తీసుకుంటే మధ్యలో రెండు విడి కుర్చీలు వస్తాయి. హాయిగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఏడుగురున్నప్పుడు ఏడో మనిషికి చోటు ఉండదు.

సామాను దగ్గర రెండూ ఇబ్బంది పెడతాయి. మూడు వరుసలూ వాడుతున్నప్పుడు డిక్కీలో ఎర్టిగాకు 209 లీటర్లు, క్యారెన్స్‌కు 216 లీటర్లు మిగులుతాయి. అంటే ఒక సూట్‌కేసు, రెండు మూడు చేతి సంచులు. ఏడుగురు మూడు రోజుల పెళ్లికి వెళ్లే సామాను అందులో పట్టదు, పైన క్యారియర్ కట్టించాల్సిందే. సీఎన్‌జీ ఎర్టిగాలో సిలిండరు కూడా ఆ డిక్కీలోనే కూర్చుంటుంది. ఈ మాట సేల్స్‌మన్ తనంతట తాను చెప్పకపోవచ్చు. డిక్కీ తెరిపించి కళ్లారా చూడండి.

సీఎన్‌జీలో లాభం మాత్రం నిజమైనదే. కిలోకు 26.11 కిలోమీటర్లని కంపెనీ లెక్క. ఏసీతో, ట్రాఫిక్‌లో అంత రాదు, అయినా రోజూ ఆఫీసుకూ బడికీ తిరిగే ఇంటికి నెల ఖర్చు బాగా తగ్గుతుంది. ఫ్యాక్టరీలోనే అమర్చిన సీఎన్‌జీ ఈ రెండింటిలో ఎర్టిగాకే ఉంది, అదీ మాన్యువల్ గేరుతోనే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు లెక్క మారుతుంది. గ్యాస్ మీద ఆ ఇంజిన్ శక్తి 103 నుంచి 88 పీఎస్‌కు పడిపోతుంది. ఏడుగురిని, సామానును వేసుకుని శ్రీశైలం మలుపుల్లో, పాడేరు ఘాట్‌లో ఎక్కేటప్పుడు గేరు మాటిమాటికీ తగ్గించాల్సి వస్తుంది.

అక్కడ క్యారెన్స్ డీజిల్ పనితనం కనిపిస్తుంది. దాని టార్క్ 250 న్యూటన్ మీటర్లు. ఎర్టిగా పెట్రోలు ఇంజిన్‌ది అందులో సగానికి కాస్త ఎక్కువ. పైగా డీజిల్ ఆ బలాన్ని 1500 ఆర్పీఎం దగ్గరే ఇస్తుంది కాబట్టి నిండు బరువుతోనూ ఇంజిన్ అరవకుండా ఎక్కుతుంది. మారుతి 2020లో డీజిల్ మానేసింది, కాబట్టి కొత్త ఎర్టిగాలో ఆ వీలే లేదు. నాలుగైదు కిలోమీటర్ల బడి తిప్పటానికి మాత్రం డీజిల్ తీసుకోకండి. ఈ కాలపు డీజిల్ బండ్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద దూరం నడవాలి.

ఇక భద్రత. ఈ విషయంలో రెండు బండ్లూ నన్ను తృప్తిపరచలేదు. కార్లను ఢీకొట్టి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2019లో మూడు నక్షత్రాలు తెచ్చుకున్న ఎర్టిగాకు, 2024లో కఠినమైన కొత్త నిబంధనల కింద ఆఫ్రికాకు పంపే రకాన్ని పరీక్షిస్తే, పెద్దల రక్షణకు ఒక్కటే వచ్చింది. క్యారెన్స్‌కు 2022లో మూడు వచ్చాయి. 2024లో మళ్లీ పరీక్షించినప్పుడు పెద్దల రక్షణకు కొంత పాత బండికి సున్నా, సరిచేసిన బండికి మూడు. అప్పుడు పరీక్షించిన ఎర్టిగాకు ఎయిర్‌బ్యాగులు రెండే, 2025లో మారుతి అన్ని వేరియంట్లలోనూ ఆరు పెట్టింది. క్యారెన్స్‌కు మొదటి రోజు నుంచీ ఆరున్నాయి. ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన బండి గూడు గట్టిపడదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ పరీక్షలో పెద్దల బొమ్మలు ముందు సీట్లలో, పిల్లల బొమ్మలు రెండో వరుసలో ఉంటాయి. మూడో వరుసలో ఎవరినీ కూర్చోబెట్టరు. అంటే మీరు ఏ సీట్ల కోసం ఈ బండి కొంటున్నారో వాటి గురించి నక్షత్రాలు ఏమీ చెప్పవు. డిక్కీ తలుపుకూ మూడో వరుస వీపుకూ మధ్య దూరం మూరెడు కూడా ఉండదు. అందుకని హైవే మీద పసివాళ్లను రెండో వరుసలో చైల్డ్ సీటులో బిగించండి. వెనక కూర్చున్నవాళ్లు తలదిండు పైకి లాగి, బెల్టు పెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మధ్య వరుస నడిమి సీటు బెల్టు చూడండి. పాత బండ్లలో అక్కడ నడుముకు మాత్రమే ఉండేది, భుజం మీదుగా వచ్చేది కాదు.

ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్‌టీలో చిన్న కార్లకు 18 శాతమైతే, నాలుగు మీటర్లు దాటిన ఈ రెండింటికీ 40 శాతం పడుతుంది. క్యారెన్స్ డీజిల్, ఆటోమేటిక్ దాకా వెళ్తే ఎర్టిగా కన్నా బాగా ఎక్కువవుతుంది. సర్వీసింగ్‌కు మారుతి వర్క్‌షాప్ చిన్న పట్టణాల్లోనూ దొరుకుతుంది, తిరిగి అమ్మినా ఎర్టిగాకు గిరాకీ తగ్గదు.

నా అభిప్రాయం ఇది. నెలకు రెండు మూడు సార్లు ఆరుగురో ఏడుగురో దూరం వెళ్లే ఉమ్మడి కుటుంబానికి క్యారెన్స్ డీజిల్. వారమంతా నలుగురైదుగురు ఊళ్లోనే తిరిగి, అప్పుడప్పుడూ దగ్గర ఊళ్లకు ఏడుగురు వెళ్లే ఇంటికి, ఆరు ఎయిర్‌బ్యాగులున్న కొత్త ఎర్టిగా. సంవత్సరానికి రెండుసార్లు మాత్రమే ఏడు సీట్లు కావాల్సిన వాళ్లు ఈ రెండూ కొనకండి. మంచి భద్రతా రేటింగు ఉన్న ఐదు సీట్ల కారు కొని, ఆ రెండు ప్రయాణాలకు బండి అద్దెకు తీసుకోండి. ఏది అనుకున్నా అడ్వాన్సు కట్టేముందు టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి. డబ్బు పెడుతున్న మనిషి కనీసం అరగంట మూడో వరుసలో కూర్చోవాలి.