బతుకమ్మ వెళ్లాక ఆవాలు చల్లండి



దసరా సెలవుల తర్వాత ఆరో తరగతి పిల్లలకు మేమిచ్చే 'గింజ మొలకెత్తించండి' అనే పని మీకు తెలిసిందే. దాదాపు అందరూ పెసలో మెంతులో తెస్తారు. మొలక వస్తుంది, నోట్‌బుక్కులో బొమ్మ గీస్తారు, వారం తిరిగేసరికి ఆ గ్లాసు చెత్తబుట్టకు చేరుతుంది. ఈసారి ఆవాలతో ప్రయత్నించమని అడుగుతున్నాం. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నాలుగు వారాల్లో కంచంలోకి వస్తాయి. పదకొండేళ్ల పిల్లల ఓపికకు ఇంతకన్నా సరిపోయే పంట నాకు కనిపించలేదు.

ఆవాలు లేని వంటిల్లు మనకు లేదు. కానీ పోపులోనైనా ఆవకాయలోనైనా గింజనే వాడతాం, ఆకు జోలికి పోము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మార్కెట్లలో తోటకూర, పాలకూర, పుంటికూర కట్టలు గుట్టలుగా ఉంటాయి. ఆవకూర కట్ట కనిపించడం అరుదు. గల్ఫ్‌లో పంజాబీలతో ఒకే రూములో ఉండి వచ్చిన నాన్నలకు మాత్రం ఇది కొత్త కాదు. మక్క రొట్టెతో వాళ్లు తినే సాగు ఈ ఆకుతోనే చేస్తారు.

ఆవకూర విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది కాలం. ఇది చలికాలపు మొక్క. బతుకమ్మను సాగనంపి, ఎండ తగ్గి, రాత్రిళ్లు చల్లబడుతున్నప్పుడు, అంటే అక్టోబరు మధ్య నుంచి చల్లాలి. డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెం చల్లుకుంటూ పోతే సంక్రాంతి దాటేదాకా లేత ఆకు ఉంటుంది. నేను ఒక ఏడాది బద్ధకించి ఫిబ్రవరిలో చల్లాను. జానెడు ఎత్తు కూడా రాకముందే కాడ సాగి పూత పట్టింది. ఉన్న నాలుగు ఆకులూ పీచుగా, ఘాటుగా, నోట పెట్టలేనట్టు తయారయ్యాయి. ఎండ ముదిరి పొద్దు పెరిగిందంటే ఆ మొక్క ఆకు సంగతి మరిచి గింజ మీద పడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లలో దాన్ని బతిమాలి లాభం లేదు.

ఇక విత్తనం. దయచేసి ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. పొలాల కోసం అమ్మే విత్తనాలకు తరచుగా శిలీంద్రనాశక మందు పట్టించి ఉంటారు. గులాబీ, ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే గింజలు అవే. పిల్లలు చేత్తో పట్టుకుని, లేత మొలకలు తుంచి నోట్లో వేసుకునే పనికి అవి పనికిరావు. పోపుల డబ్బాలోని ఆవాలు చాలు. పాతబడినవైతే అన్నీ మొలవవు కాబట్టి ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో వేసి చూడండి. నాలుగు రోజుల్లో పదిహేను మొలిస్తే మంచి విత్తనమే.

వంటింటి ఆవాల్లో ఇంకో చిక్కుంది. బీడు భూముల్లో, రోడ్ల పక్కన ముళ్ల ఆకులతో, పసుపు పూలతో పెరిగే మొక్కను చూసే ఉంటారు; తుంచితే పసుపు పాలు కారతాయి. కొందరు బ్రహ్మదండి అంటారు. దాని గింజలు అచ్చం ఆవాల్లాగే ఉంటాయి, విషం. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని ఎందరో జబ్బుపడ్డారు, పదుల సంఖ్యలో చనిపోయారు. మీ కుండీలో ముళ్ల అంచుతో, తెల్లటి ఈనెలతో ఆకు కనిపిస్తే వెంటనే పీకేయండి. ఆవ మొలక మొదటి రెండు ఆకులు గుండె ఆకారంలో నున్నగా ఉంటాయి. ఈ తేడా కనిపెట్టే పని పిల్లలకే అప్పగించండి, వాళ్ల కళ్లు మనకన్నా నయం.

కుండీకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న ఏ ట్రే అయినా, పగిలిన బకెట్ అయినా సరిపోతుంది. అడుగున రంధ్రాలుండాలి, రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగలాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలపండి. ఉత్త నల్లరేగడి వద్దు, గట్టిపడి నీరు నిలుస్తుంది. పచ్చిపేడ అసలే వద్దు. వేళ్లు మాడటమే కాదు, అందులోని క్రిములు ఆకు మీదికి చేరతాయి. పైన కప్పడానికి వరిగడ్డి పలుచగా పరచండి; ఆ రోజుల్లో కోతలు నడుస్తుంటాయి కాబట్టి దొరకడం కష్టం కాదు. సిరిసిల్లలో ఉన్నవాళ్లకు ఒక మాట: సాంచాల దగ్గర దొరికే దారం చెత్త మెత్తగా ఉందని కుండీలో వేయకండి. అందులో ఎక్కువ పాలిస్టరే, ఏళ్లు గడిచినా మట్టిలో కలవదు.

చిటికెడు ఆవాలను ఇసుకతో కలిపి చల్లి, అర సెంటీమీటరు మందాన మట్టి కప్పండి. మొలకలు ఒత్తుగా వస్తాయి. పది రోజులకు రెండు వేళ్ల ఎడం ఉండేలా పలుచన చేయండి. పీకిన మొలకలే మీ మొదటి కోత, కడిగి పెరుగుపచ్చడిలో వేసుకోవచ్చు. లేతదనం రహస్యమంతా నీళ్లలోనే ఉంది. మొక్క ఆగకుండా పెరిగితే ఆకు మెత్తగా ఉంటుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచితే ఘాటెక్కి పీచు పడుతుంది. పొద్దున వేలు మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. యూరియా వేస్తే ఆకు నిగనిగలాడుతుందని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ ఆ మెత్తటి ఆకు పేనుబంకకు మరీ ఇష్టం.

పురుగుల సంగతికి వస్తే, మందు కొట్టిన తర్వాత కోతకు కొన్ని రోజులు ఆగాలన్నది నియమం. బజారు కట్ట కొనేటప్పుడు ఎన్నాళ్లు ఆగారో మనకు తెలిసే దారి లేదు. ఇంటి ఆవకూరలో అసలు మందు అవసరమే పడకపోవచ్చు. పేనుబంక సాధారణంగా చలి ముదిరాక, పూత వేళకు ఉద్ధృతమవుతుంది. మనం అంతకుముందే కోసేస్తాం. ఆకులకు చిన్న చిన్న చిల్లులు పడితే పాత దోమతెర కప్పండి. పేను కనిపిస్తే నీళ్లు గట్టిగా చిమ్మి కడిగేయండి. అప్పటికీ పోకపోతే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లి, కొన్నాళ్లాగి బాగా కడిగి వండుకోండి.

ఆకు అరచేయంత కాకముందే, 25 నుంచి 30 రోజులకు, బయటి ఆకులు కోయండి. నడిమి చిగురు ముట్టుకోకపోతే మరో రెండు మూడు కోతలు ఇస్తుంది.

ఇక్కడ పిల్లలకో ప్రయోగం. పచ్చి ఆకు ముక్క నమలమనండి. మొదట ఏమీ అనిపించదు, ఒక క్షణం తర్వాత ముక్కు ఘాటెక్కుతుంది. ఆకులో ఘాటు ముందే తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. ఆకు నలిగి రెండూ కలిసినప్పుడే ఘాటు పుడుతుంది. పురుగు కొరికినప్పుడు మొక్క తనను కాపాడుకునే తీరు అది. మరిగే నీళ్లలో ఆకు వేస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు చాలావరకు పోతుంది. అందుకే కారం తినని పిల్లలకు ముందు రెండు నిమిషాలు ఉడకబెట్టి, పెసరపప్పులో వేసి, వెల్లుల్లి పోపు పెట్టండి.

పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆవకూరలో ఆక్సలేట్లు తక్కువ, కాబట్టి పాలు తాగనని మొరాయించే పిల్లలకు ఇది మంచి తోడు. ఇంట్లో రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లుంటే మాత్రం డాక్టరును అడిగే పెట్టండి, ఈ ఆకులో విటమిన్ కె ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు పచ్చిగా కాక వండుకుని, మితంగా తినడం మేలు.

రెండు మొక్కలను కోయకుండా వదిలేయండి. పసుపు పూలకు తేనెటీగలు వస్తాయి, తర్వాత సన్నటి కాయలు పడతాయి. జనవరి చివరికో ఫిబ్రవరిలోనో కాయలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు పొద్దున్నే, మంచు తడి ఆరకముందే కోసి గుడ్డలో కట్టి వేలాడదీయండి. మధ్యాహ్నం ముట్టుకుంటే కాయలు చిట్లి, వచ్చే దసరాకు చల్లాల్సిన ఆవాలన్నీ డాబా మీదే రాలిపోతాయి.